కలుషిత నేల, భూగర్భ జలాల శుద్ధిలో కర్బన ఉద్గారాల తగ్గింపు: నక్కవాగు పరీవాహక ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని లక్డారం గ్రామం ఒకవైపు రాతి క్వారీలు, క్రషర్లు, మరోవైపు సాగు భూముల నడుమ ఉంది. దాని పరిసరాల్లో ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం మీదుగా పారిశ్రామిక వలయం విస్తరించింది. 1970వ దశకంలో పటాన్‌చెరులో మొదలైన పారిశ్రామికీకరణ తర్వాతి కాలంలో బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం వైపు కూడా సాగింది. ఔషధ ముడి పదార్థాలు, క్రిమిసంహారక మందులు, రంగులు, ఇతర రసాయనాలు తయారు చేసే కర్మాగారాల వ్యర్థ జలాలు ఏళ్ల తరబడి కుంటలు, చెరువుల మీదుగా నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరా నదిలోకి చేరాయి. వాగు నీటితోనూ, వాగు పక్క బావుల నీటితోనూ సాగయ్యే పొలాలు ఆ కాలుష్యానికి గురయ్యాయి.

ఈ సమస్యపై 1990లో సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యంలో రైతులకు పంట నష్టపరిహారం, గ్రామాలకు సురక్షిత తాగునీరు ప్రధానాంశాలయ్యాయి. ఆ వ్యాజ్యం తరువాత హైకోర్టుకు, అటుపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన సమగ్ర పర్యావరణ కాలుష్య సూచీలో పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతానికి 70.07 పాయింట్లు వచ్చాయి. 70 దాటిన ప్రాంతాలను తీవ్ర కలుషిత ప్రాంతాలుగా పరిగణించినందున ఈ ప్రాంతం ఆ జాబితాలో చేరింది.

కొత్తగా వచ్చే వ్యర్థాలను అరికట్టడం ఒక పని. ఇప్పటికే నేలలోనూ, భూగర్భ జలాల్లోనూ నిలిచిపోయిన కాలుష్యాన్ని తొలగించడం మరొక పని. ఈ రెండవ పనికి విద్యుత్తు, డీజిల్, సిమెంటు, రసాయనాలు పెద్ద మొత్తంలో అవసరమవుతాయి. అంటే నేలను శుభ్రపరచే ప్రక్రియే వాతావరణంలోకి కర్బన ఉద్గారాలను పంపుతుంది. శుద్ధి లక్ష్యాన్ని ఏమాత్రం తగ్గించకుండా ఈ ఉద్గారాలను ఎలా తగ్గించవచ్చునో, అందులో వ్యవసాయ శాస్త్రవేత్తల పాత్ర ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

హరిత శుద్ధి భావన

శుద్ధి పద్ధతిని ఎంచుకొనేటప్పుడు ఖర్చు, కాలవ్యవధి, ఫలితం అనే మూడింటినే చూడడం చాలాకాలం ఆనవాయితీగా ఉండేది. 2008లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హరిత శుద్ధిపై ప్రాథమిక గ్రంథాన్ని వెలువరించి, ప్రతి శుద్ధి పథకంలోనూ శక్తి వినియోగం, వాయు ఉద్గారాలు, నీరు, పదార్థాలు–వ్యర్థాలు, భూమి–జీవావరణం వంటి అంశాలను లెక్కించాలని సూచించింది. 2010లో బ్రిటన్‌లో సుస్థిర శుద్ధి చట్రం రూపొందింది. 2017లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 18504 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. వీటన్నిటి సారాంశం ఒక్కటే. ముందుగా ప్రజారోగ్యానికి, పంటకు, నీటికి అవసరమైన శుద్ధి స్థాయిని నిర్ణయించాలి. ఆ స్థాయిని చేరగల పద్ధతుల మధ్య మాత్రమే కర్బన ఉద్గారాలను పోల్చాలి. శుద్ధి చేయకుండా వదిలివేసి ఉద్గారాలు ఆదా అయ్యాయని చెప్పడానికి ఈ విధానంలో చోటు లేదు.

భారతదేశంలో కేంద్ర ప్రభుత్వం 2025లో కలుషిత ప్రదేశాల నిర్వహణ నియమాలను ప్రకటించింది. కలుషిత స్థలాల గుర్తింపు, మదింపు, శుద్ధికి ఇవి ఒక క్రమాన్ని ఏర్పరచి, శుద్ధి వ్యయాన్ని కాలుష్య కారకులపై ఉంచాయి. శుద్ధి పథకాలు పెరగబోయే ఈ తరుణంలో వాటి కర్బన లెక్కను మొదటి నుంచే నేర్చుకోవడం అవసరం.

ప్రాంత స్వభావం

నక్కవాగు పరీవాహక ప్రాంతంలో ప్రధానంగా గ్రానైట్ శిలలు ఉన్నాయి. పైన శిథిలమైన రాతి పొర, దాని కింద పగుళ్లు గల రాయి ఉంటాయి. వాగు వెంట ఒండ్రు పొర ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతంలో కాలుష్య ప్రవాహాన్ని గణిత నమూనాల ద్వారా అధ్యయనం చేశారు. గ్రానైట్ కంటే వాగు వెంట ఉన్న ఒండ్రులో నీరు సులభంగా కదులుతుంది కనుక కాలుష్యం ఆ దారిలో త్వరగా విస్తరిస్తుంది.

కాలుష్య కారకాలు కూడా ఒకే రకానివి కావు. అధిక లవణాలు, క్రోమియం, ఆర్సెనిక్ వంటి మూలకాలు, సేంద్రియ రసాయనాలు, ఔషధ అవశేషాలు కలిసి ఉన్నాయి. సుమారు 90 ఔషధ కర్మాగారాల వ్యర్థ జలాలను శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. 2009లో వెలువడిన తదుపరి అధ్యయనం ఈ ప్రాంతపు చెరువులు, బావుల్లో కూడా ఔషధ అవశేషాలను గుర్తించింది. ఇన్ని రకాల కాలుష్యానికి ఒకే శుద్ధి పద్ధతి చాలదు. లోహాలను బంధించే పద్ధతి లవణాలపై పనిచేయదు. సేంద్రియ పదార్థాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు లోహాలను నాశనం చేయలేవు.

ఉద్గారాలు ఎక్కడ పుడుతున్నాయి?

కింది లెక్క ఏ ఒక్క స్థలానికీ చెందినది కాదు. పద్ధతుల మధ్య తేడాను చూపడానికి తీసుకున్న ఊహాత్మక ఉదాహరణ మాత్రమే. గ్రిడ్ విద్యుత్తు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు, డీజిల్ లీటరుకు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుందని తీసుకోవచ్చు.

మొదటిది, మట్టిని తవ్వి తరలించడం. 10,000 టన్నుల కలుషిత మట్టిని 20 టన్నుల లారీలలో తరలిస్తే 500 ట్రిప్పులు అవుతాయి. రానూపోనూ 60 కిలోమీటర్ల చొప్పున మొత్తం 30,000 కిలోమీటర్లు. లీటరుకు 3 కిలోమీటర్ల చొప్పున 10,000 లీటర్ల డీజిల్ ఖర్చయి 27 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. గుంతను పూడ్చడానికి అంతే మట్టిని అంతే దూరం నుంచి తెస్తే ఇది 54 టన్నులవుతుంది. తవ్వే యంత్రాల డీజిల్ దీనికి అదనం.

రెండవది, అదే 10,000 టన్నుల మట్టిలో సిమెంటు కలిపి లోహాలను స్థిరీకరించడం. మట్టి బరువులో 10 శాతం సిమెంటు కలిపితే 1,000 టన్నులు కావాలి. రకాన్ని బట్టి కిలో సిమెంటుకు 0.6 నుంచి 0.9 కిలోల ఉద్గారం ఉంటుంది కనుక మొత్తం 600 నుంచి 900 టన్నులవుతుంది.

మూడవది, భూగర్భ జలాన్ని తోడి శుద్ధి చేయడం. గంటకు 10 వేల లీటర్ల నీటిని 40 మీటర్ల ఎత్తుకు 45 శాతం సామర్థ్యం గల పంపుసెట్టుతో ఏడాది పొడవునా తోడితే సుమారు 21,000 యూనిట్లు ఖర్చవుతాయి. అంటే ఏడాదికి 15 టన్నుల ఉద్గారం. ఆ నీటిని రివర్స్ ఆస్మోసిస్ ద్వారా వెయ్యి లీటర్లకు 1.5 యూనిట్ల చొప్పున శుద్ధి చేస్తే మరో 1,31,000 యూనిట్లు, అనగా 92 టన్నులు చేరతాయి. రెండూ కలిపి ఏడాదికి 107 టన్నులు. ఈ పని 30 ఏళ్లు సాగితే, గ్రిడ్ ఇప్పటిలాగే ఉన్నదనుకుంటే, 3,200 టన్నులు దాటుతుంది.

ఈ లెక్క నుంచి మూడు విషయాలు తేలుతాయి. రోడ్డు మీద కనిపించే లారీల పొగ కంటే కంటికి కనిపించని సిమెంటు ఉద్గారం పది రెట్లకు పైగా ఉంది. ఒకసారి చేసి ముగించే పని కంటే ఏళ్ల తరబడి నడిచే పంపు, శుద్ధి యంత్రాల ఉద్గారం ఎక్కువ. పంపును సౌర విద్యుత్తుకు మార్చినంత మాత్రాన 107 టన్నులలో 15 టన్నులే తగ్గుతాయి, అసలు భారం శుద్ధి యంత్రంలో ఉంది. కాబట్టి లెక్క వేయకుండా ఒక పద్ధతిని హరితమని, మరొకదానిని కాదని నిర్ణయించడం సరికాదు.

తగ్గించే మార్గాలు

1. హద్దులను కచ్చితంగా గుర్తించడం: పై లెక్కలోని మొదటి రెండు అంకెలు మట్టి పరిమాణంపై ఆధారపడి ఉన్నాయి. కొద్దిపాటి నమూనాలతో మొత్తం సర్వే నంబరును కలుషితమని తేల్చితే శుభ్రమైన మట్టిని కూడా తవ్వవలసి వస్తుంది. చిన్న గళ్లుగా విభజించి, లోతు వారీగా నమూనాలు తీసి, పొలంలోనే ఎక్స్‌రే పరికరంతో లోహాలను ప్రాథమికంగా కొలిచి, అనుమానాస్పద నమూనాలను ప్రయోగశాలకు పంపితే శుద్ధి చేయవలసిన పరిమాణం తగ్గుతుంది. అది సగమైతే రవాణా, సిమెంటు ఉద్గారాలు కూడా సగమవుతాయి.

2. మూలాన్ని ఆపడం: వ్యర్థాల ఊట కొనసాగుతుండగా భూగర్భ జలాన్ని తోడడం చిల్లుకుండలో నీరు పోసినట్లే అవుతుంది. లవణ జలం విషయంలో ఇది మరింత ముఖ్యం. రివర్స్ ఆస్మోసిస్ తర్వాత మిగిలే గాఢ లవణ జలాన్ని ఆవిరి చేయవలసి వస్తే, వెయ్యి లీటర్లకు గుప్తోష్ణం రూపంలోనే సుమారు 630 యూనిట్లకు సమానమైన వేడి కావాలి. బహుళ దశల ఆవిరి యంత్రాలు దీనిని తగ్గించగలవు గానీ తొలగించలేవు. కర్మాగారంలోనే లవణాలను, ద్రావణులను వేరుచేసి తిరిగి వాడుకోవడం, అవి నేలలో కలిసిన తర్వాత వెలికితీయడం కంటే ఎన్నో రెట్లు తక్కువ ఉద్గారంతో సాధ్యమవుతుంది.

3. పంపును ఆపవలసిన సమయాన్ని ముందే నిర్ణయించడం: పగుళ్లు గల రాతిలో కాలుష్యం రాతి లోపలి సూక్ష్మ రంధ్రాలలోకి చొరబడి, పంపింగ్ సాగుతున్న కొద్దీ నెమ్మదిగా బయటికి వస్తుంది. అందువల్ల మొదటి సంవత్సరాల్లో వేగంగా తగ్గిన గాఢత తర్వాత దాదాపు ఒకే స్థాయిలో నిలుస్తుంది. అప్పుడు తోడిన ప్రతి వెయ్యి లీటర్లకు వెలికివచ్చే కాలుష్యం తగ్గుతుంది, ఉద్గారం మాత్రం తగ్గదు. ఏ స్థాయికి చేరాక విరామ పంపింగ్‌కు గాని, నేలలోనే శుద్ధి చేసే పద్ధతికి గాని మారాలో పథకంలోనే రాయాలి. ఆపిన తర్వాత గాఢత మళ్లీ పెరుగుతుందేమో పరిశీలన బావుల ద్వారా చూడాలి.

4. నేలలోనే శుద్ధి: సూక్ష్మజీవులకు అవసరమైన కర్బన పదార్థాన్ని లేదా ఆక్సిజన్‌ను భూగర్భంలోకి పంపి సేంద్రియ రసాయనాలను అక్కడే విచ్ఛిన్నం చేయవచ్చు. ఇనుప రజనుతో నింపిన అడ్డుగోడను కాలుష్య ప్రవాహ మార్గంలో నిర్మిస్తే కొన్ని ద్రావణులు, ఆరు సంయోజకత గల క్రోమియం దానిగుండా ప్రవహించేటప్పుడే మార్పు చెందుతాయి. ఇటువంటి గోడకు పంపు అవసరం లేదు. అయితే ఇది ఒండ్రు పొరలో సాధ్యమైనంత తేలికగా గ్రానైట్ పగుళ్లలో సాధ్యం కాదు. ప్రవాహ దిశ తెలియకుండా కట్టిన గోడ వృథా అవుతుంది.

5. సిమెంటుకు ప్రత్యామ్నాయాలు: అవసరమైన చోట సిమెంటులో కొంత భాగానికి బదులుగా ఉక్కు పరిశ్రమ స్లాగ్‌ను లేదా థర్మల్ కేంద్రాల బూడిదను వాడవచ్చు. వాటిలో కూడా లోహాలు ఉండవచ్చు కనుక ద్రవీకరణ పరీక్ష చేయకుండా నేలలో కలపరాదు.

మొక్కలు, చిత్తడి నేలల పాత్ర

1972 నుంచి పటాన్‌చెరులో పనిచేస్తున్న ఇక్రిశాట్ గ్రామీణ మురుగునీటి శుద్ధికి కృత్రిమ చిత్తడి నేలలను అభివృద్ధి చేసి పరీక్షించింది. కంకర, ఇసుక పొరలలో జమ్ము, మెట్టతామర వంటి మొక్కలను పెంచి, వాటి వేర్ల మధ్యగా నీటిని భూమి వాలు ఆధారంగా పారిస్తారు. విద్యుత్తు అవసరం చాలా తక్కువ. గృహ మురుగునీటికి ఈ పద్ధతి అనువైనది. అధిక లవణాలు, యాంటీబయాటిక్‌లు గల పారిశ్రామిక జలాలకు ఇదొక్కటే చాలదు, చివరి మెరుగు దశగా మాత్రమే దీనిని పరిశీలించాలి.

నేల నుంచి లోహాలను తీసుకొనే మొక్కలూ ఉన్నాయి. టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ ఆర్సెనిక్‌ను తన ఆకులలో అత్యధికంగా పోగుచేసుకుంటుందని 2001లో నిర్ధారణ అయింది. ఆవ మొక్క కొన్ని లోహాలను తీసుకుంటుంది. వట్టివేరు లోహాలను ఎక్కువగా వేర్లలోనే నిలిపి, కోతను అరికడుతుంది. ఈ పద్ధతిలో ఉద్గారాలు తక్కువైనా కాలవ్యవధి ఎక్కువ, శుద్ధి వేరు లోతుకే పరిమితం. కోసిన పైరును పశువులకు మేపినా, పొలంలో తగలబెట్టినా కాలుష్యం ఆహారంలోకో గాలిలోకో చేరుతుంది. కోసిన పైరును ఎక్కడికి పంపాలో నిర్ణయించకుండా ఈ సాగును ప్రారంభించకూడదు.

సాగు భూములలో జాగ్రత్తలు

తీవ్ర కలుషిత స్థలాలను ఇంజినీర్లు శుద్ధి చేస్తారు. వాటి చుట్టూ స్వల్ప, మధ్యస్థ కాలుష్యం గల విశాలమైన సాగు భూములు మాత్రం వ్యవసాయ శాస్త్రవేత్తల బాధ్యత. తవ్వి తరలించడం అక్కడ సాధ్యం కాదు, అవసరమూ కాదు. పంటలోకి చేరే కాలుష్యాన్ని తగ్గించడమే అక్కడి లక్ష్యం. దీనికి వాడే ప్రతి పద్ధతికీ మేలుతో పాటు హాని కూడా ఉండవచ్చు.

వరి ఇందుకు మంచి ఉదాహరణ. నిరంతరం నీరు నిలిచిన వరి మడిలో ఆక్సిజన్ లేక ఇనుప ఆక్సైడ్‌లు కరిగి, వాటికి అంటి ఉన్న ఆర్సెనిక్ విడుదలై పంటలోకి చేరుతుంది. అదే స్థితిలో మీథేన్ కూడా పుడుతుంది. వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం దక్షిణాసియాకు సూచించిన గుణకాల ప్రకారం నిరంతరం నీరు నిలిపిన హెక్టారు వరి నుంచి ఒక పంటకాలంలో సుమారు 95 కిలోల మీథేన్ వెలువడుతుంది. ఇది సుమారు 2.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. నీరు ఇంకిన తర్వాతే మళ్లీ తడి ఇచ్చే తడి–పొడి పద్ధతిలో ఈ మీథేన్ దాదాపు 45 శాతం తగ్గుతుంది, గింజలో ఆర్సెనిక్ కూడా తగ్గుతుంది. ఒకే యాజమాన్య పద్ధతి రెండు ప్రయోజనాలనూ ఇస్తుంది.

అయితే నేలలో కాడ్మియం ఉంటే ఫలితం తిరగబడుతుంది. మడి ఆరినప్పుడు గంధకంతో కలిసి ఉన్న కాడ్మియం విడివడి గింజలోకి ఎక్కువగా చేరుతుంది. కనుక ఏ మూలకం ఉందో తెలుసుకోకుండా తడి–పొడి పద్ధతిని సిఫారసు చేయడం ప్రమాదకరం.

బయోచార్ విషయమూ ఇంతే. సంగారెడ్డి జిల్లాలో పత్తి కట్టె విరివిగా లభిస్తుంది. దానిని పొలంలో తగలబెట్టకుండా తక్కువ ఆక్సిజన్‌తో కాల్చి బయోచార్‌గా మార్చితే, అందులోని కర్బనంలో కొంత భాగం నేలలో దీర్ఘకాలం నిలుస్తుంది, కాడ్మియం, సీసం వంటి లోహాలు బంధించబడతాయి. కానీ బయోచార్ ఉదజని సూచికను పెంచుతుంది కనుక ఆర్సెనిక్ గల నేలలో దాని కదలికను పెంచవచ్చు. ఫాస్ఫేట్ ఎరువు సీసాన్ని బంధిస్తుంది, ఆర్సెనిక్‌ను మాత్రం నేల కణాల నుంచి తప్పించి నీటిలోకి విడుదల చేస్తుంది. సోడియం అధికమైన నేలకు జిప్సం వేసి లవణాలను కిందికి కడిగివేయడం పాఠ్యపుస్తక సిఫారసు. కింద తాగునీటి బావులకు ఆధారమైన జలం ఉన్న చోట అదే సిఫారసు కాలుష్యాన్ని పైపొర నుంచి బావిలోకి పంపుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. నేల ఆరోగ్య పత్రంలోని సాధారణ పోషక పరీక్షలను చూసి కాలుష్యం లేదని నిర్ధారించకూడదు. వాగు పక్క భూములకు భార లోహాలు, సోడియం, విద్యుత్ వాహకత పరీక్షలు వేరుగా చేయించాలి.

2. నేలతో పాటు సాగునీటిని, గింజను, పశుగ్రాసాన్ని కూడా పరీక్షించాలి. నేలలో ఉన్న మొత్తం లోహం కంటే పంటలోకి చేరిన భాగమే ఆరోగ్యానికి కీలకం.

3. ఆకుకూరలు లోహాలను ఎక్కువగా తీసుకుంటాయి కనుక అనుమానం ఉన్న భూములలో వాటికి బదులుగా పత్తి వంటి ఆహారేతర పంటలను, కలప చెట్లను సూచించాలి. పత్తి గింజల నూనె, చెక్క ఆహారంలోకి, దాణాలోకి చేరతాయి కనుక వాటిని కూడా పరీక్షించాలి.

4. పంట మార్పిడి వల్ల తగ్గే ఆదాయాన్ని లెక్కగట్టి శుద్ధి పథకంలో చేర్చించాలి. కాలుష్యానికి కారణం కాని రైతు శుద్ధి ఖర్చును తన దిగుబడి రూపంలో చెల్లించకూడదు.

5. శుద్ధి పథకంపై అభిప్రాయం కోరినప్పుడు రెండు పట్టికలను అడగాలి. ఒకటి ఏ సంవత్సరానికి ఏ కాలుష్యం ఎంత తగ్గుతుందో చూపే పట్టిక, రెండవది అదే కాలంలో విద్యుత్తు, డీజిల్, సిమెంటు, రసాయనాల వాడకాన్ని చూపే పట్టిక.

ముగింపు

శుద్ధి చేయకపోవడానికీ ఒక కర్బన లెక్క ఉంది. బావి నీరు పనికిరాని గ్రామానికి దూరం నుంచి నీటిని తోడి తేవాలి, సాగు వదిలిన భూమికి బదులుగా మరొక చోట ఆహారం పండించాలి. వీటిని లెక్కలోకి తీసుకుంటే శుద్ధిని వాయిదా వేయడం హరిత మార్గం కాజాలదు. హద్దులు తెలిసిన శుద్ధి, మూలం ఆగిన తర్వాత తోడే నీరు, ఆపవలసిన గడువు రాసి ఉన్న పంపు, మూలకాన్ని బట్టి మారే వరి నీటి యాజమాన్యం అనే నాలుగూ కలిసినప్పుడు కాలుష్యమూ, ఉద్గారమూ రెండూ తగ్గుతాయి. నక్కవాగు పరీవాహకంలోని లక్డారం వంటి గ్రామాలలో ఈ పనికి తొలి మెట్టు యంత్రం కాదు. ఏ పొలంలో, ఏ లోతులో, ఏ మూలకం ఎంత ఉందో చెప్పే నమ్మదగిన పటమే ఆ తొలి మెట్టు. ఆ పటాన్ని రైతుతో కలిసి పొలంలో నడిచి తయారు చేయగలిగినది విస్తరణ వ్యవస్థే.